చెప్పు జారిపోయినా తెలియడం లేదంటే ఎంఆర్ఐ వాయిదా వేయకండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. నా వయసు 47. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ పూతరేకులు వేస్తున్నాను. రోజూ పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు గంటలకొద్దీ వంగి కూర్చోవాలి. రెండు నెలలుగా నడుంనొప్పి. మొదట్లో నడుంలోనే ఉండేది, ఇప్పుడు ఎడమ పిర్ర మీంచి పిక్క దాకా లాగుతోంది. ఎదురుకాళ్ళతో పుట్టినావిడ చేత నడుం తొక్కించుకున్నాను, తగ్గలేదు. రావులపాలెంలో డాక్టరు గారు చూసి నడుముకి ఎంఆర్ఐ రాశారు. రాజమండ్రి వెళ్ళాం. అక్కడ సూత్రాలు, మెట్టెలు తీసేయమన్నారు. మా అత్తగారు ససేమిరా అన్నారు. ఆ గొట్టం చూడగానే నాకూ గుండె దడ పుట్టింది. తిరిగొచ్చేశాం. సీటీ స్కాన్ అయితే తక్కువలో పోతుంది, రెండూ ఒకటేనని మా ఆయన అంటున్నారు. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉంటుందని, ఒంట్లోకి కరెంటు పంపిస్తారని మా ఆడపడుచు భయపెడుతోంది. నాకు పిల్లల ఆపరేషన్ అయింది. లోపల క్లిప్పులు ఉంటే ప్రమాదమా? మా పక్కింటావిడకి నడుం స్కాన్‌లో నాలుగు డిస్కులు పాడయ్యాయని వచ్చిందట, ఆపరేషన్ తప్పదేమోనని ఏడుస్తోంది. నాకూ అలాగే వస్తే? సంక్రాంతి ఆర్డర్లు ఒప్పుకున్నాను. పండగ వెళ్ళాక తీయించుకుంటే సరిపోతుందా? ఈ మధ్య నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. నీరసం కాబోలని ఊరుకున్నాను.
– ఒక సోదరి, కోనసీమ

సమాధానం: అమ్మా, మీరు చివర్లో మాటవరసకి రాసిన విషయంతోనే మొదలుపెడతాను. చెప్పు జారిపోయినా తెలియకపోవడం నీరసం కాదు. నీరసమైతే రెండు కాళ్ళలోనూ ఉండాలి. మీకు ఎడమ కాలికే, అదీ నొప్పి లాగుతున్న కాలికే వచ్చింది. నడుంలోంచి ఆ కాల్లోకి వెళ్ళే నరం ఎక్కడో నలుగుతోందని, అది నొప్పితో ఆగకుండా స్పర్శనో బలాన్నో తగ్గిస్తోందని అనుమానించాలి. రావులపాలెం డాక్టరు గారికి ఈ సంగతి చెప్పి ఉండకపోతే ముందు ఫోన్ చేసి చెప్పండి. పండగ దాకా ఆగకండి. ఈ వారంలోనే స్కాన్ తీయించుకోండి.

ఇవాళే ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గోడ పట్టుకుని, పక్కన మనిషిని పెట్టుకుని, మడమల మీద నాలుగడుగులు నడవండి. తర్వాత మునివేళ్ళ మీద నాలుగడుగులు. కూర్చుని రెండు కాళ్ళ బొటనవేళ్ళూ పైకి ఎత్తి పట్టి, మీ ఆయన్ని కిందికి నొక్కమనండి. ఎడమ బొటనవేలు తేలిగ్గా వంగిపోయినా, మడమ మీద నిలబడితే పాదం ముందు భాగం పైకి లేవకపోయినా ఎల్5 అనే నరం దెబ్బతింటోందని అనుకోవాలి. మునివేళ్ళ మీద లేవలేకపోతే దాని కింద ఉండే ఎస్1 నరాన్ని అనుమానించాలి. కుడికాలితో పోలిస్తే తేడా స్పష్టంగా కనిపిస్తే ఈ వారం అన్న మాట కూడా మరిచిపోండి, రేపే బయల్దేరండి.

ఇంకో సంగతి. మూత్రం వస్తున్నట్టున్నా పోయలేకపోవడం, తెలియకుండా పోవడం, విరేచనం మీద పట్టు తప్పడం, పీట మీద కూర్చుంటే ఆనే చోటంతా మొద్దుబారినట్టుండడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేసి, నరాల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి కాకినాడో రాజమండ్రో వెళ్ళిపోవాలి. నడుం దగ్గర నరాల కుచ్చు మొత్తం నలిగితే ఇలా జరుగుతుంది. అలాంటప్పుడు రోజులు కాదు, గంటలు లెక్క. ఇది అరుదు. అయినా మగవాళ్ళున్నారని, అత్తగారు విన్నారని సిగ్గుపడి మూత్రం సంగతి దాచుకునే ఆడవాళ్ళు మన ప్రాంతంలో ఎక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నడుం తొక్కించుకోవడం ఇక ఆపేయండి. ఎదురుకాళ్ళతో పుట్టినావిడ మీద నాకు కోపమేమీ లేదు. కండరం పట్టేసినప్పుడు ఎవరు తొక్కినా కాస్త హాయిగానే ఉంటుంది, పట్టింది ఎలాగూ వారం పది రోజుల్లో వదులుతుంది, పేరు ఆవిడకి వస్తుంది. నరం నలుగుతున్న నడుం మీద మనిషి బరువు పడితే మాత్రం ఉన్నది ఇంకా ముదరవచ్చు. షుగర్ పరీక్ష చేయించుకుని ఎన్నాళ్ళయింది? షుగర్ వల్ల కూడా పాదాలు మొద్దుబారి చెప్పులు జారిపోతాయి. మామూలుగా అది రెండు పాదాలకీ వస్తుంది, మీది అలా లేదు. అయినా ఆ పరీక్ష పెద్ద ఖర్చు కాదు, చేయించండి.

ఇప్పుడు సీటీ సంగతి. మీ ఆయన డబ్బు గురించి ఆలోచించడంలో తప్పు లేదు, కానీ రెండూ ఒకటి కాదు. సీటీ అంటే ఎక్స్‌రే కిరణాలనే చుట్టూ తిప్పి తీసే బొమ్మ. ఎముక, ఊపిరితిత్తులు, తలలో అప్పుడే కారిన రక్తం అందులో బాగా కనిపిస్తాయి, నిమిషాల్లో అయిపోతుంది. మీ విషయంలో చూడాల్సింది ఎముకని కాదు. రెండు పూసల మధ్య ఉండే డిస్కుని, దాని వెనక నుంచి పోయే నరాన్ని చూడాలి. మెత్తని భాగాలను విడదీసి చూపించడంలో ఎంఆర్ఐకి సాటి లేదు. సీటీలో డిస్కు ఉబ్బు కొంత కనిపించినా, నరం ఎక్కడ ఎంత నలిగిందన్నది అంత వివరంగా తేలదు. చివరికి మళ్ళీ ఎంఆర్ఐ రాస్తారు, రెండు ఖర్చులవుతాయి. పైగా మీ ఆడపడుచు భయపడుతున్న రేడియేషన్ ఉన్నది సీటీలోనే. నడుం సీటీ ఒకసారి తీస్తే, భూమి నుంచి, ఆకాశం నుంచి మనకి మామూలుగా రెండేళ్ళలో తగిలేటంత రేడియేషన్ సుమారుగా తగులుతుంది. అవసరమైనప్పుడు అది పెద్ద లెక్క కాదు, ఇక్కడ అవసరం లేదు. ఎంఆర్ఐలో ఆ రకం రేడియేషన్ అసలు ఉండదు.

మరి ఏముంటుంది? ఒక పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు. మన ఒంట్లో సగానికి పైగా నీరే. నీటిలో హైడ్రోజన్ ఉంటుంది, ఆ హైడ్రోజన్ కేంద్రంలో ఉండే ప్రోటాను ఒక సూక్ష్మమైన అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. మామూలుగా ఇవి తలో దిక్కుకీ తిరిగి ఉంటాయి. ఎంఆర్ఐ గొట్టంలోకి వెళ్ళగానే, దాని బలానికి అందులో కొన్ని ఒకే దిక్కుకి సర్దుకుంటాయి. మన దగ్గర సెంటర్లలో ఎక్కువగా కనిపించేది 1.5 టెస్లా మిషను (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). భూమికి ఉన్న అయస్కాంత బలానికి అది 30 వేల రెట్లు ఉంటుంది. అప్పుడు రేడియో తరంగం ఒకటి పంపిస్తారు. 1.5 టెస్లా మిషనులో దాని ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, సుమారు 64 మెగాహెర్ట్జ్. మీరు పొయ్యి దగ్గర పెట్టుకుని వినే ఎఫ్ఎం రేడియో 88 నుంచి 108 మధ్య పనిచేస్తుంది, అంటే అదీ ఇదీ ఒకే జాతి. ఆ తరంగం తగలగానే ప్రోటాన్లు పక్కకి ఒరుగుతాయి, ఆపేయగానే మళ్ళీ లేస్తాయి. గాలి వీచినప్పుడు వరిచేను మొత్తం ఒక పక్కకి వంగుతుంది చూడండి. గాలి ఆగితే పాలుపోసుకుంటున్న కంకి ఒక తీరున లేస్తుంది, గింజ బరువెక్కిన కంకి ఇంకో తీరున లేస్తుంది. అలాగే నీటిలో ఉన్న ప్రోటాన్లు ఒక వేగంతో, కొవ్వులో ఉన్నవి ఇంకో వేగంతో తిరిగి లేస్తాయి. లేస్తూ అవే సన్నగా రేడియో సంకేతం ఇస్తాయి. మీ నడుం కింద ఉంచే పరికరం ఆ సంకేతాన్ని పట్టుకుంటుంది, కంప్యూటరు దాన్ని బొమ్మగా మారుస్తుంది. ఏ తీగా మీ ఒంటికి కరెంటు పంపించదు. రేడియో తరంగాల వల్ల ఒళ్ళు కాస్త వెచ్చబడినట్టు అనిపించవచ్చు, అంతే.

టీ2 అనే రకం బొమ్మలో నీరు తెల్లగా కనిపిస్తుంది. నీరు నిండుగా ఉన్న డిస్కు మధ్యలో తెల్లగా, ఆరిపోయినది నల్లగా. వెన్ను లోపలి ద్రవం తెల్లగా, అందులో నరాలు నల్లటి దారాల్లా. ఆ తెలుపులోకి డిస్కు ఎక్కడ పొడుచుకొచ్చిందో, ఏ దారాన్ని పక్కకి నెట్టిందో రేడియాలజిస్టు ఎంచుకుని చెప్పగలరు. మీకు కావలసింది సరిగ్గా ఇదే.

ఇదేమీ నిన్న మొన్న వచ్చిన మిషను కాదు. రేమండ్ డమాడియన్ అనే అమెరికా డాక్టరు 1977 జులై 3న మొదటిసారి బతికున్న మనిషి ఒంటిని ఇలా బొమ్మ తీశారు. ఒక్క బొమ్మకి దాదాపు ఐదు గంటలు పట్టింది. మీ నడుముకి ఇప్పుడు పట్టేది 20 నుంచి 30 నిమిషాలు. బొమ్మలు వేగంగా, స్పష్టంగా వచ్చే దారి చూపినందుకు పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకి 2003లో నోబెల్ ఇచ్చారు. డమాడియన్‌కి ఇవ్వలేదు. ఆయన ఊరుకోలేదు, నాకు అన్యాయం జరిగిందని పత్రికల్లో పేజీలకి పేజీలు ప్రకటనలు వేయించారు. అంత చదువుకున్నవాళ్ళకీ ఆ పట్టింపులు తప్పలేదు.

ఇంతకీ మీరు వెనక్కి వచ్చేసింది సూత్రాల దగ్గర. సెంటరు వాళ్ళు తీయమనడంలో తప్పు లేదు, ఎందుకో చెప్పి ఉంటే మీ అత్తగారు అంత పట్టుబట్టి ఉండేవారు కాదు. బంగారాన్ని, వెండిని అయస్కాంతం లాగదు, నిజమే. అయితే గొలుసుకి ఉండే కొక్కేలు, మీరు సూత్రాలకి గుచ్చుకునే పిన్నీసులు ఇనుమువి, వాటిని లాగుతుంది. లోహపు గొలుసు రేడియో తరంగాలకి వేడెక్కి చర్మం కాలే ప్రమాదమూ ఉంది. బొమ్మలోనూ నల్ల మచ్చలు పడతాయి. దీనికి మన ఇళ్ళలో ఉపాయం ఎప్పటినుంచో ఉంది. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకుని, ఆ తర్వాత సూత్రాలు తీసి మీ అత్తగారి చేతికే ఇవ్వండి. స్కాన్ అయ్యాక ఆవిడ చేతుల మీదుగానే మళ్ళీ వేసుకోండి. పసుపుకొమ్ముకి ఏ మిషనూ అభ్యంతరం చెప్పదు.

మెట్టెలు ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంటాయి. ముందు రోజు రాత్రి కొబ్బరినూనె రాసి, సబ్బు నీళ్ళలో నానబెట్టి మెల్లగా తిప్పి చూడండి. రాకపోతే కత్తిరించేయకండి, ముందుగా టెక్నీషియన్‌కి చూపించండి. మెట్టెలు వెండివి అయి, స్కాన్ నడుముకి అయితే, పక్కవేలికి తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టి తీయడానికి చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఆ నిర్ణయం మాత్రం వాళ్ళది, వాదించకండి.

చీర మంచిది కట్టుకుని వెళ్ళాలని జరీ చీర కట్టకండి, జరీలో లోహపు పోగు ఉంటుంది. నూలు నైటీ వెంట తీసుకెళ్ళండి, లేదా వాళ్ళిచ్చే గౌను వేసుకోండి. జాకెట్టు హుక్కులు, లోపలి బట్టల కొక్కేలు, జడపిన్నులు, సవరం, ముక్కుపుడక, చెవి దుద్దులు, చేతికి కట్టిన తాయెత్తు అన్నీ తీసేయాలి. నడుంనొప్పికని బెల్టు పెట్టుకుంటున్నారా? దాని లోపల స్టీలు బద్దలు ఉంటాయి, అది పెట్టుకుని గదిలోకి అడుగు పెట్టకూడదు. ఒంటి మీద పాత పచ్చబొట్టు ఉంటే చెప్పండి, అక్కడ కాస్త వేడి తగిలితే వెంటనే పిలవండి.

మీ ఆయన తోడుగా లోపలికి వస్తానంటే ఆయన జేబులూ ఖాళీ చేయాలి. ఫోను, బండి తాళం, ఏటీఎం కార్డు, వాచీ, మొలతాడుకి ఉన్న తాయెత్తు, అన్నీ బయటే. ఇక్కడ నేను కఠినంగా చెబుతున్నానంటే కారణం ఉంది. ఆ అయస్కాంతం స్విచ్ వేస్తే పనిచేసి, తీస్తే ఆగిపోయేది కాదు. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచిన తీగచుట్ట అది, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో, మిషను ఆపి ఉందన్న మాట నమ్మి, రోగి బంధువు ఒకరు ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళారు. సిలిండరుని, దానితో పాటు ఆయన్ని మిషను లాగేసుకుంది. ఆ మనిషి ప్రాణం పోయింది. ఎంఆర్ఐ గదుల్లో లోహం వల్ల ఇలాంటి ఘోరాలు ఇంకా జరిగాయి.

పిల్లల ఆపరేషన్ గురించి అడిగారు. ట్యూబులు దారంతో ముడేసినా, రింగులు వేసినా, క్లిప్పులు పెట్టినా సాధారణంగా ఎంఆర్ఐకి అడ్డంకి కాదు. కాపర్ టి ఉన్నవాళ్ళకీ అంతే. అయినా ఫారంలో రాయండి, దాచాల్సిన పనేమీ లేదు. తప్పకుండా చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. గుండెకి పేస్‌మేకర్ (కొత్త రకాలలో కొన్నిటికి జాగ్రత్తలతో తీయవచ్చు, దాని కార్డు చూపించాలి), మెదడు రక్తనాళానికి ఎప్పుడో వేసిన క్లిప్పు, వినికిడి కోసం చెవి లోపల పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్. వెల్డింగు, లేతు పని చేసేవాళ్ళయితే కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అన్నది. ఇంట్లో ఎవరికైనా కాల్లో రాడ్డు ఉంటే, ఎముకలో బిగించిన టైటానియం, సర్జికల్ స్టీలు కదిలిపోవు, చాలామందికి తీయవచ్చు.

నడుం ఎంఆర్ఐకి పరగడుపున వెళ్ళక్కర్లేదు. ఇడ్లీ తిని, బీపీ మాత్ర వేసుకునే అలవాటుంటే వేసుకుని వెళ్ళండి. మీకు మందు ఎక్కించి తీసే స్కాన్ కూడా అవసరం పడకపోవచ్చు. గెడోలినియం అనే ఆ మందు గడ్డలు, ఇన్‌ఫెక్షన్, ఇంతకుముందు ఆపరేషన్ అయిన నడుం లాంటి వాటికి వాడతారు. ఒకవేళ ఇస్తామంటే కిడ్నీ పరీక్ష, అదే క్రియాటినిన్, చూశారా అని అడగండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఆ మందు ఇవ్వడంలో చాలా జాగ్రత్త కావాలి.

ఇక గొట్టం చూస్తే వచ్చే దడ. ఇది పిరికితనం కాదు, ఇరుకు అంటే పడనివాళ్ళు చాలామంది ఉంటారు. గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుంది, లోపల లైటు, గాలి ఉంటాయి. మీకు తీసేది నడుం కాబట్టి కాళ్ళు ముందు వెళ్ళేలా పడుకోబెట్టగలరా అని అడగండి, చాలా మిషన్లలో వీలవుతుంది. అప్పుడు తల అంచు దగ్గరికి వస్తుంది. బల్ల లోపలికి కదలక ముందే కళ్ళు మూసుకోండి, కళ్ళ మీద చిన్న గుడ్డ వేయమనండి. మధ్యలో తెరిస్తేనే దడ. చేతిలో ఒక రబ్బరు బంతి పెడతారు, నొక్కితే ఆపేస్తారు. చప్పుడు మాత్రం గట్టిగా ఉంటుంది. టకటక, డబడబ, ఒక్కోసారి రంపం కోసినట్టు. లోపలి తీగచుట్టల్లో కరెంటు క్షణక్షణం మారుతుంటే అవి అదిరి వచ్చే మోత అది, మిషను పాడై కాదు. చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టకపోతే మీరే అడిగి పెట్టించుకోండి. చేతులు కట్టుకోవద్దు, కాలి మీద కాలు వేయవద్దు, చర్మానికి చర్మం ఆనుకున్న చోట కాలే అవకాశం ఉంది. మోకాళ్ళ కింద దిండు పెట్టమనండి, నడుముకి హాయి. వెల్లకిలా అరగంట పడుకోలేనంత నొప్పి ఉంటే, మీ డాక్టరు గారిని అడిగి గంట ముందు నొప్పి మాత్ర వేసుకోండి. కదిలితే బొమ్మ చెదురుతుంది, మళ్ళీ మొదటినుంచి తీయాలి.

ఈ మిషను పనికొచ్చేది నడుముకి మాత్రమే కాదు. మన కోనసీమలో దింపు తీసేవాళ్ళు కొబ్బరిచెట్టు మీంచి పడినప్పుడు, ఎముక విరిగిందా అన్నది ఎక్స్‌రే, సీటీ చెబుతాయి. వెన్నుపాము నలిగిందా అన్నది ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. మూతి వంకరపోయి, మాట తడబడి, చెయ్యి పడిపోతే మాత్రం ఎంఆర్ఐ కోసం వెతుక్కుంటూ తిరగకండి. తలలో రక్తం కారిందో లేదో ముందు సీటీతో తేల్చేయాలి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. సీటీలో ఇంకా ఏమీ కనిపించని పక్షవాతాన్ని తొలి గంటల్లోనే పట్టుకోగలిగేది ఎంఆర్ఐ. అది వెంటనే దొరికే ఆసుపత్రిలో ఉంటే డాక్టర్లే చూసుకుంటారు. నడుంనొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక టీబీని అనుమానించాలి. దాన్ని తొందరగా కనిపెట్టడంలోనూ దీనికే మొదటి స్థానం. ఆరు నెలలు ఆలస్యం చేసి గూని వచ్చాక తెచ్చేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

మరో వైపు, నడుం పట్టేసిన మూడో రోజునే స్కాన్ కావాలని వచ్చేవాళ్ళు ఉన్నారు. పండగ ఆఫరని మొత్తం ఒంటికి స్కాన్ తీయించుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. నేను రాయను. కాలి బలహీనత, మూత్రం ఇబ్బంది, జ్వరం, క్యాన్సరు చరిత్ర, పెద్ద దెబ్బ ఇలాంటివేమీ లేని నడుంనొప్పి చాలావరకు ఆరు వారాల్లో తగ్గుతుంది. అప్పుడు తీసిన స్కాన్ వైద్యాన్ని మార్చదు, భయాన్ని పెంచుతుంది. మీ పక్కింటావిడ ఏడుపు ఇలాంటిదేనేమోనని నా అనుమానం.

ఆవిడ రిపోర్టులో బహుశా ‘డిఫ్యూజ్ డిస్క్ బల్జ్’, ‘డిసికేషన్’, ‘ఇండెంటింగ్ థీకల్ శాక్’ అని నాలుగు వరుసలు ఉంటాయి. మొదటిది డిస్కు కాస్త ఉబ్బడం, రెండోది అందులో నీరు తగ్గడం, మూడోది ఆ ఉబ్బు నరాల సంచికి ఆనడం. నొప్పి లేనివాళ్ళకి తీసినా ఇవి కనిపిస్తాయి. నడుంనొప్పి అసలు లేని 3,110 మంది స్కాన్ల లెక్కలు 33 అధ్యయనాల నుంచి పోగుచేసి 2015లో ప్రచురించారు. డిస్కు ఉబ్బు 20 ఏళ్ళ వాళ్ళలో 30 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి ఉంది. డిస్కు అరుగుదల అయితే 20 ఏళ్ళకే 37 శాతం, 80కి 96 శాతం. వీళ్ళెవరికీ నొప్పి లేదు. కాబట్టి ‘నాలుగు డిస్కులు పాడయ్యాయి’ అన్నది రోగం పేరు కాదు. ఆవిడకి కాల్లోకి లాగుడు ఉందా, బలం తగ్గిందా, డాక్టరు కాలిని పరీక్షించి చూశారా, లేక ఫిలిం చూసే ఆపరేషన్ అన్నారా అని అడగండి. ఫిలిం మాత్రమే చూసి అన్నమాటయితే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోమనండి.

మీ విషయం వేరు. ఎడమ కాలి లాగుడు ఉంది, చెప్పు జారుతోంది. స్కాన్‌లోనూ ఎడమ వైపే, ఎల్5 నరమో ఎస్1 నరమో నలిగినట్టు కనిపిస్తే రెండూ కలిశాయన్న మాట, అప్పుడా రిపోర్టుకి విలువ. కుడి వైపు ఉబ్బుందని రాస్తే అది మీ నొప్పికి కారణం కాదు. అందుకే స్కాన్ రాసిచ్చే చీటీలో ‘ఎడమ కాలు, రెండు నెలలు, పాదం మొద్దుబారడం’ అని మీ డాక్టరు గారి చేత రాయించండి. రేడియాలజిస్టుకి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. రిపోర్టు చేతికి రాగానే మొబైల్‌లో ఒక్కో మాటా వెతకకండి, టెన్షన్ తప్ప ఏమీ రాదు.

నరం నలిగిందని తేలినా వెంటనే కత్తి అని కాదు. బయటికి పొడుచుకొచ్చిన డిస్కు ముక్క నెలల వ్యవధిలో దానంతటదే కుంచించుకుపోవడం మామూలే, చాలామందికి మందులు, వ్యాయామంతోనే నొప్పి తగ్గుతుంది. కాలి బలం రోజురోజుకీ తగ్గుతుంటేనో, మూత్రం ఇబ్బంది వస్తేనో, నెలల వైద్యానికీ లొంగని లాగుడు ఉండి స్కాన్ దానితో సరిపోలితేనో ఆపరేషన్ మాట వస్తుంది. అది వస్తే భయపడి పారిపోకండి. కాలి లాగుడు తగ్గించడంలో ఆ ఆపరేషన్ మంచిదే. నడుంలోని నొప్పి అంతగా తగ్గుతుందని హామీ ఇవ్వలేం. ‘నా కాలి బలహీనతకి ఈ స్కాన్‌లో కనిపించింది సరిపోతుందా? ఆరు వారాలు ఆగితే నష్టమేమిటి?’ అని రెండు ప్రశ్నలు అడగండి. ఈలోగా మంచం పట్టి ఉండకండి, రెండు రోజులకి మించి పడక పనికిరాదు. కుండ పొయ్యిని ఎత్తు మీదకి మార్పించి, వంగకుండా నిలబడో బల్ల మీద కూర్చునో వేసేలా చూసుకోండి, అరగంటకోసారి లేచి తిరగండి. సంక్రాంతి ఆర్డర్లలో సగం తోటివాళ్ళకి పంచేయండి.

ఖర్చు సంగతి. ఆసుపత్రిలో చేరకుండా బయట మనిషిగా వెళ్ళి తీయించుకునే స్కాన్‌కి ఎన్టీఆర్ వైద్య సేవ (ఇంతకుముందు ఆరోగ్యశ్రీ అనేవారు) సాధారణంగా వర్తించదు. ఆపరేషన్ దాకా వెళ్ళి నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం అక్కడ ఆ పథకం సహాయ బల్ల దగ్గర ముందే అడగండి. స్కాన్ తీసిన చోట ఫిలింతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఇంకో డాక్టరుకి చూపించాలన్నప్పుడు బొమ్మలన్నీ అందులో ఉంటాయి, మళ్ళీ తీయించుకునే ఖర్చు తప్పుతుంది. ఫిలింలు మడతపెట్టవద్దు. సీడీ మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి, ఏడాది తర్వాత మళ్ళీ నొప్పి వస్తే పోల్చి చూడడానికి అదే కావాలి.